కారులోని నీరు ఎక్కడికి పోతున్నది?

మొయినాబాదు దాటి చేవెళ్ళ వైపు సాగే బీజాపూర్ రహదారి మీద, పెద్ద మర్రిచెట్ల నీడన, ముందు మూత ఎత్తి నిలిపిన కార్లను విద్యార్థులు చూచే ఉంటారు. ఆవిరి చిమ్మే ఇంజను పక్కన ఎవరో నీళ్ళ సీసాతో నిలబడి ఉంటారు. ఆ ఆవిరికి మూలం తరచుగా నెలల తరబడి చుక్క చుక్కగా జరిగిన నష్టమే. గత సంవత్సరం ఆ స్థితి మాకు త్రుటిలో తప్పినది గనుక, ఆ అనుభవాన్ని భౌతికశాస్త్ర పాఠంగా ఇక్కడ వ్రాస్తున్నాను.

మా అమ్మగారిని వైద్యానికి నగరానికి తీసుకువెళ్ళడానికి మాకున్న ఆధారం ఒక పాత కారు. పదిహేను రోజులకొకసారి దాని కూలెంట్ డబ్బాలో వేలెడు మట్టం తగ్గుతున్నది. నేల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. తెలిసిన ఉస్తాద్ చూచి, "హెడ్ గాస్కెట్ పోయినట్టుంది సార్, ఇంజను విప్పాల్సిందే" అన్నాడు. అది నా రెండు నెలల జీతం. విప్పే ముందు ఋజువు కావాలనిపించింది.

ఇంజనులో పుట్టే వేడిలో కొంత భాగాన్ని, నీరూ ఇథిలీన్ గ్లైకాలూ కలిసిన ద్రవం రేడియేటర్‌కు మోసుకుపోతుంది. నీరు సముద్రమట్టాన 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. మన దక్కను పీఠభూమి మీద ఇంకొంచెం ముందే. అయితే అనేక కార్లలో రేడియేటర్ మూతలోని స్ప్రింగు చదరపు అంగుళానికి సుమారు 13 నుండి 15 పౌన్ల అదనపు పీడనాన్ని లోపల నిలుపుతుంది. అందువలన మరుగు స్థానం 120 డిగ్రీల దాకా పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. చల్లని ఇంజనులో పీడనం ఉండదు, కనుక సన్నని సందు కారకపోవచ్చు. వేడెక్కినప్పుడు కారుతుంది, కాని ఆ వేడికే నేల చేరకముందు ఆవిరైపోతుంది. రంగూ లవణాలూ మిగిలి, మరకగా ఎండుతాయి. కాబట్టి తడి కోసం కాక మరక కోసం వెదకాలి.

ఒక హెచ్చరిక. వేడి ఇంజను మీద మూత తీయరాదు. పీడనం హఠాత్తుగా పడిపోగానే ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. ఒలికినదాన్ని పిల్లలకూ కుక్కలకూ అందేట్టు వదలరాదు.

వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది గనుక మట్టాన్ని తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డబ్బా మీద పెన్సిలు గీత పెట్టి, తిరిగిన కిలోమీటర్లను పుస్తకంలో వ్రాసుకున్నాను. ఇంజను ఆయిల్ మజ్జిగ రంగుకు తిరగలేదు. పొగగొట్టం నుండి విడవని తెల్లపొగ లేదు. రేడియేటర్‌లో బుడగలు లేవు. గాస్కెట్ మీద అనుమానం సన్నగిల్లింది. ముందు సీటు కింది తివాచీ కూడా పొడిగానే ఉన్నది, అనగా హీటరు కారడం లేదు. ఎండాకాలంలో కారు కింద పడే నీటిని చూచి కంగారు పడేవారు చాలామంది. అది ఏసీ వదిలే మామూలు నీరు. వేళ్ళకు జిగటగా తగిలి, రంగు ఉంటేనే కూలెంట్.

చివరకు పీడన పరీక్ష పంపు ఎరువు తెచ్చాము. చల్లని ఇంజనుకు మూత స్థానంలో దానిని బిగించి, మూత మీద ముద్రించిన అంకె వరకే, అంతకు మించకుండా, గాలి కొట్టాము. పావుగంటలో ముల్లు దిగింది. టార్చీ, చిన్న అద్దం పట్టుకుని వెదకగా, వాటర్ పంపు అడుగున ఒక చిన్న రంధ్రం, దాని కింద ఎండిన ఆకుపచ్చ చార, కొసన ఒక కొత్త చుక్క! ఆ రంధ్రం పగులు కాదు. ఇరుసు దగ్గరి సీలు అరిగినప్పుడు, నీరు బేరింగులోకి పోకుండా బయటపడడానికి తయారీదారులు కావాలని పెట్టినది. ఉస్తాద్ అద్దంలో చూచి, "పంపు మారిస్తే చాలు సార్" అని తానే నవ్వాడు.

మా తప్పూ లేకపోలేదు. తగ్గినప్పుడల్లా బోరు నీరు పోసేవాళ్ళం. రాతినేలల బోరు నీటిలో సున్నపు లవణాలు తరచుగా ఎక్కువ. అవి లోపల పొరలుగా పేరుతాయి, తుప్పును ఆపే మందు పలచబడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి. కమిటీ పెద్దలకు ఒక మనవి: ఇటువంటి పీడన పంపు ఒకటి మన ప్రయోగశాలకు కొంటే, మరుగు స్థానం పాఠం విద్యార్థులకు నల్లబల్ల మీదకన్నా బాగా పట్టుబడుతుంది.

పంపు మార్చి నాలుగు నెలలైంది. నీరు ఇప్పటికీ పెన్సిలు గీత దగ్గరే ఉన్నది.