సంతానలేమి: పరీక్ష ఎవరితో మొదలుపెట్టవలెను?



పిల్లలు కలుగనియెడల నింద ముందుగా కోడలిమీదనే పడుచున్నది. ఈ పాఠములో మూడు సంగతులు గమనించుదము.

1. కలిసియున్న నెలలు లెక్కించుడి. ఒక సంవత్సరము కలిసి కాపురము చేసినను గర్భము నిలువనిదే సంతానలేమి. గంజాం జిల్లానుండి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవారిలో అనేకులు ఏడాదికి కొద్ది దినములే యింట నుందురు. వారు పెండ్లియైన యేండ్లు లెక్కింపరాదు. భార్య వయస్సు 35 దాటినయెడల ఆరు నెలలకే వైద్యుని చూడవలెను.

2. భర్త పరీక్ష ఆలస్యము చేయకుడి. దాదాపు సగము జంటలలో పురుషుని లోపము కూడ ఉండును. వీర్యపరీక్ష సులభము, ఖర్చు తక్కువ. 2 నుండి 7 దినములు ఎడముగా ఉండి, నమూనాను గంటలోపు అందింపవలెను.

3. క్షయను మరువకుడి. అది దగ్గు లేకుండనే గర్భనాళములను మూసివేయగలదు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము. అయితే చెడిన నాళములు మరల తెరుచుకొనక పోవచ్చును. కనుక జాగు చేయక, బరంపురములోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి ఇద్దరును కలిసి వెళ్లుడి.

ఆలోచించుడి: "విశేషమేమైనా ఉన్నదా?" అని కోడలిని అడుగుట మనము మానగలమా?