తల్లి తాబేలుకు దారి విడుద్దాం



ఏటా చలికాలం చివర, రాత్రివేళల్లో మన కోస్తా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. తల్లి ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. 45 నుండి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. సముద్రం మీది వెలుగే వాటికి దారి. ఒడ్డున దీపాలుంటే అవి ఊరివైపు నడిచి చనిపోతాయి.

తేలే ప్లాస్టిక్ సంచిని జెల్లీ చేప అనుకొని తాబేలు మింగుతుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని చంపడం, గుడ్లు తీయడం నేరం. కాని అర్ధరాత్రి తీరంలో ఆ చట్టాన్ని నిలబెట్టవలసింది మనమే.

పిల్లలకు చెప్పడంకన్న చేసి చూపడం మేలు. సముద్రానికి వెళ్తే, తీసుకెళ్లిన సంచులు తిరిగి ఇంటికి తెండి. తాబేలు కనబడితే టార్చి ఆర్పి, దూరంగా, మౌనంగా నిలబడండి. ఫోటో కోసం ఎదురు వెళ్లకండి. బెదిరితే అది గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది.

సముద్రం మనకు దూరమంటారా? ఈ వారం పిల్లలను అడగండి: మన వీధి కాలువలో పడిన సంచి చివరకు ఎక్కడికి చేరుతుంది? జవాబు వారినే వెతకనివ్వండి.