ఆనపబుర్ర పక్కన ట్రంకుపెట్టె



ఈసారి గోడపత్రికకి నన్ను "వస్తువులతో కళ" అనే పాఠం రాయమన్నారు. కళ అంటే బొమ్మ గీయడం, పాట పాడడం అనే మనకి తెలుసు. రోజూ వాడే చేట, చెంబు, చిరిగిన వల తెచ్చి ఒక పద్ధతిలో పెడితే అదీ కళే అవుతాదట. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. నేను మాత్రం "అమరిక" అని రాస్తాను, నోటికి తేలిక.

గోడకున్న బొమ్మయితే ఎదురుగా నిలబడి చూస్తాం. అమరికయితే దాని చుట్టూ తిరుగుతాం, ఒక్కోసారి లోపలికే నడుస్తాం. వస్తువు పాతదే, చోటు కొత్తది. వంటింట్లో ఉన్నన్నాళ్లూ చెంబుని ఎవరు చూస్తారు? నీళ్లు తాగి దించేస్తాం. దానికి పని లేకుండా చేసి బల్ల మీద నిలబెడితే అప్పుడు దాని మెడా, సొట్టా కనిపిస్తాయి.

1917లో మార్సెల్ డుషాంప్ అనే ఆయన న్యూయార్కులో ఒక ప్రదర్శనకి మూత్రశాలలో బిగించే పింగాణీ తొట్టి పంపించాడు. దాని మీద తన పేరు కాకుండా ఆర్. మట్ అని రాశాడు. ప్రదర్శనవాళ్లు దాన్ని జనానికి చూపించలేదు గానీ, ఇప్పటికీ దాని గురించి పుస్తకాలు రాస్తూనే ఉన్నారు. నాకైతే అది కొంచెం వేళాకోళంలాగే ఉంది.

నాకు నచ్చినాయన నేక్ చంద్. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరు. ఆ కొత్త పట్నం కట్టడానికి అక్కడున్న పల్లెలు పడగొట్టారు. ఆ శిథిలాల్లోంచి ఆయన పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, రాళ్లు ఏరి, 1950ల చివరినుంచి ఎవరికీ చెప్పకుండా సర్కారు స్థలంలో ఒక తోట కట్టుకుంటూ వచ్చాడు. మనుషులు, జంతువులు అన్నీ ఆ ముక్కలతోనే. 1976లో ఆ తోటని జనానికి తెరిచారు, 1984లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ గాజులు ఏ ఇంటి అమ్మ చేతివో మాత్రం ఎక్కడా రాసి లేదు. నాకు ఆలోచన అక్కడే మొదలయింది.

మనకి దగ్గర్లో కళింగపట్నం పక్కనే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. బౌద్ధ స్తూపాలున్న చోటు. అక్కడ తవ్వినప్పుడు విగ్రహాలతోపాటు బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండపెంకులు కూడా దొరికాయి. కుండంటే మరేటి, వండుకోడానికీ నీళ్లకీ వాడేదే. దాని మీద ఎవరో నాలుగు అక్షరాలు గీశారు కాబట్టి ఇన్ని వందల ఏళ్లయినా అది ఊరికే పెంకు కాలేదు. 1919లో ఆ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. మా సవర మాట నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణ పుస్తకం అచ్చు వేయించింది కూడా ఆయనే.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడు ఒక పట్నంలో గిరిజన వస్తువుల ప్రదర్శన చూశాను. ఊరి పేరు రాయను. అక్కడ ఆనపబుర్ర ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి "ప్రాచీన గిరిజనులు వాడిన పాత్ర" అని చీటీ అంటించారు. మా అమ్మమ్మ ఆ రోజు పొద్దున్న కూడా అందులోనే చోడి అంబలి పట్టుకుని పోడుకి వెళ్లి ఉంటాది. మా అమ్మమ్మ ప్రాచీనమా?

ఆ బుర్ర ఎలా అవుతాదో చీటీలో ఒక్క ముక్క లేదు, కాబట్టి నేను రాస్తాను. కాయని తీగ మీదే ముదరనివ్వాలి. గోరు దిగకూడదు. కోసి ఎండబెట్టి, మెడ దగ్గర కన్నం చేసి, నీళ్లు పోసి ఒగ్గేస్తే లోపలి గుజ్జు కుళ్తాది. ఆ కంపు కొన్నాళ్లు ఇల్లంతా ఉంటాది, ఓర్చుకోవాలి. తర్వాత చిన్న గులకరాళ్లు వేసి గలగలా ఊపితే గింజలూ గుజ్జూ రాలి వచ్చేస్తాయి. బాగా కడిగి, పొయ్యి పైన పొగకి వేలాడదీస్తే గట్టిపడతాది, పురుగు పట్టదు. ఎండలో మోసుకెళ్లినా నీళ్లు చల్లగా ఉంటాయి.

ఆగస్టు 9 ఆదివాసీ దినం. ఐక్యరాజ్యసమితి 1994లో ఆ రోజుని నిర్ణయించింది. ఆ రోజు మన వరండాలో అమరిక పెట్టాలని మేడం గారు ఒప్పుకున్నారు. కొంతమంది విల్లు, బాణం, బుర్ర, తిరగలి చాలన్నారు. నేను ఒప్పుకోను. అవి మాత్రమే పెడితే చూడడానికి వచ్చినవాళ్లు మనం ఎప్పుడో ఉండేవాళ్లం అనుకుంటారు. బుర్ర పక్కనే తాళం వేసిన ట్రంకుపెట్టె ఉండాలి. మూత లోపల అంటించిన అద్దం ముక్క, సబ్బుపెట్టె, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం, లెక్కల నోటుబుక్కు, అన్నీ ఉండాలి. అడ్డాకు విస్తరీ, మన హాస్టలు స్టీలు కంచమూ పక్కపక్కన పెట్టాలి. రెండిట్లోనూ తింటున్నది మనమే కదా.

కళింగపట్నం రేవు నుంచి తెచ్చిన వల ముక్క కూడా పెడతాం. వలకి పైన తేలే బెండ్లు, కింద మునిగే సీసం గుండ్లు కట్టి ఉన్నాయి. "ఏటి గుంటలూ, ఈ చిరిగిపోయింది మీకెందుకు?" అని నవ్వుతూనే ఇచ్చిందొక పెద్దమ్మ. మన గుంటల్లో చాలామంది సముద్రం చూడడం అదే మొదటిసారి. ఆ వల ఎవరిదో, ఏ చేపకి వేస్తారో ఆమెనే అడిగి రాసుకున్నాం.

చీటీలు అట్టముక్కల మీద రాద్దాం. వస్తువు తెచ్చినవాళ్లే రాయాలి. మీ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో ఆ మాట ముందు రాయండి, సవరయినా, జాతాపు వాళ్లదయినా. తెలుగు పేరు దాని కింద. ఎవరు చేశారు, ఆఖరిసారి ఎప్పుడు వాడారు అన్నది కూడా రాయాలి. "నిన్న" అయితే నిన్న అనే రాయండి.

ఇంటి నుంచి తెచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లని అడిగే తేవాలి. పూజవి తేవద్దు. మా అమ్మమ్మ ఉన్న ఒక్క బుర్రా ఇస్తానంది గానీ, పదో తారీకు సాయంత్రానికి తిరిగి రావాలంది. పోడులో కలుపు తీత నడుస్తోంది.

తొమ్మిదో తరగతి విద్యార్థిని