గంపలో పుట్టగొడుగులు వస్తే: కర్రీ పాయింట్ల వారికి

ముసురు పట్టిందంటే ఊళ్ల నుంచి నగరానికి పుట్టగొడుగులు వస్తాయి. రుచిలో బటన్ మష్రూమ్ వాటి ముందు దిగదుడుపే, కాదనను. అయినా మల్కాజ్‌గిరిలో కర్రీ పాయింటో, హాస్టల్ మెస్సో నడుపుతుంటే వాటిని కొనే ముందు ఆగండి. ఇంట్లో పొరపాటు జరిగితే నలుగురికి. మీ గిన్నెలో జరిగితే వీధి మొత్తానికి.

చెదపుట్టల మీద మొలిచే మంచి రకాలను శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అంటారు. పుట్ట లోపల చెదపురుగులు పెంచుకునే బూజు నుంచే అవి పైకి వస్తాయి. అందుకే వాటికి ఫారాలు లేవు, ఎవరో ఏరి తేవాల్సిందే. వీటిలో చాలా రకాలకు గొడుగు నడుమ మొన ఉంటుంది, కాడ వేరులా సన్నబడుతూ పుట్ట లోపలికి దిగుతుంది. కాబట్టి కాడ కోసి తెచ్చిన సరుకు ఎంత చవకైనా వద్దు. ప్రాణం తీసే అమానిటా రకాలకు కాడ మొదట్లో సంచిలాంటి పొర ఉంటుంది. పైన కోస్తే ఆ ఆనవాలు నేలలోనే ఉండిపోతుంది.

పార్కుల్లో, పచ్చికల్లో వాన తర్వాత మొలిచే పెద్ద తెల్ల గొడుగులు మరీ మోసకారివి. గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం ఉండే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ లేతగా ఉన్నప్పుడు కింది రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే పొడి రాలుతుంది. అది ఆకుపచ్చగా ఉంటే పారేయండి. పచ్చగా లేదని మాత్రం వండకండి: అమానిటా పొడి తెల్లగానే ఉంటుంది. ఈ పరీక్ష వద్దని చెప్పగలదే కానీ తినమని చెప్పలేదు.

వెండి నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పురుగు తిన్నది మనిషికీ మంచిదని చెప్పేవన్నీ ఉత్తమాటలు. అమానిటా విషం ఉడికించినా పోదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లే.

తిన్న రెండు మూడు గంటల్లో వాంతులైతే భయం కాస్త తక్కువ, అయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆరు గంటలు దాటాక మొదలైతే గండం. మధ్యలో ఒకరోజు తేరుకున్నట్టే ఉంటుంది, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగిలిన కూర, వండని ముక్కలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఎన్నింటికి తిన్నారో చెప్పండి.

మెనూలో పుట్టగొడుగు కూర కావాలంటే ఫారంలో పెంచిన మిల్కీ మష్రూమ్ తెప్పించుకోండి. మన ఎండలకు తట్టుకుని పెరిగే రకమది. గంపలో వచ్చినవాటిని, తెచ్చినాయన ఎంత తెలిసినవాడైనా, అమ్మకానికి వండకండి.