ఆయిలు ఇంజను బెల్టు: మార్చుట, సూటి చూచుట

బెల్టు జారినప్పుడెల్ల బిగించుట మన రైతులకు అలవాటు. రోగమొకటి, మందొకటి. ఎలమంచిలి ప్రాంతమున ఒక చెఱకు తోటలో క్రొత్త బెల్టు పక్షము దినములకే అంచులు చివికి జారజొచ్చినది. యజమాని దానిని మఱింత బిగించెను. నాలుగు దినములలో పంపు బేరింగు కాలిపోయెను. మరమ్మతగునంతలో తోట నీరులేక వడలినది. పిమ్మట నేను దారము పట్టి చూడగా పంపు పుల్లీ అర అంగుళము ప్రక్కకు తొలగియున్నది.

టైమింగు బెల్టు అను మాట ఇప్పుడు తఱచుగా వినబడుచున్నది. అది కొన్ని కార్ల ఇంజనులలో వాల్వులను కాలము తప్పక తెఱిపించు పండ్ల బెల్టు. చేలలోని ఆయిలు ఇంజనులలో ఆ పనిని సామాన్యముగా పండ్ల చక్రములే చేయును. ఇచ్చట చెప్పునది ఇంజను శక్తిని పంపునకు అందించు చదును బెల్టును గూర్చి.

మొదట ఇంజనును ఆపి, ఫ్లైవీలు పూర్తిగా నిలిచిన పిమ్మటనే చేయి పెట్టవలెను. పాత బెల్టును తీసి, పుల్లీలకంటిన నూనెను, మడ్డిని పొడిగుడ్డతో తుడువవలెను. పంపు ఇరుసును పట్టి ఊపి చూడుడు. అది కదలాడినచో ముందు బేరింగు బాగుచేయింపవలెను.

ఇక సూటి. రెండు పుల్లీల వెడల్పు సమానమైనచో, ఇరుసుల కొనలు తగులకుండ కొంచెము క్రిందుగా ఒక గట్టి దారమును వాని ముఖములమీదుగా లాగి పట్టవలెను. దారము ఒక్కొక్క పుల్లీకి రెండేసి అంచులను, మొత్తము నాలుగు చోట్ల తాకవలెను. పంపు పుల్లీ రెండంచుల యొద్దను సమానమైన సందున్న యెడల పంపును ప్రక్కకు జరుపవలెను. ఒక అంచున మాత్రమే సందున్నచో పంపు వంకరగా నున్నదని తెలియవలెను. దానిని త్రిప్పి సరిచేయవలెను. వెడల్పులు వేఱైనచో వానిలోని తేడాలో సగము సందు చిన్న పుల్లీ రెండంచుల యొద్దను ఒక్క తీరుగా నుండవలెను. పిమ్మట దారమునకు బరువు కట్టి పుల్లీ ముఖమున వ్రేలాడదీసి, అది నిలువుగా నున్నదో లేదో చూడవలెను. పుల్లీని సగము చుట్టు త్రిప్పి మరల పరీక్షింపుడు. తేడా వచ్చినచో పుల్లీయే వంగినదని గ్రహింపవలెను. బోల్టులు బిగించునపుడు పంపు జరుగును గనుక, బిగించిన తరువాత మఱియొకసారి దారము పట్టుడు.

బెల్టును పలుగుతో పెకలించి ఎక్కింపరాదు. పంపును దగ్గఱకు జరిపి ఎక్కించి, వెనుకకు లాగవలెను. జారకుండుటకు చాలినంత బిగువే చాలును. క్రింది వరుస లాగునదిగాను, పై వరుస వదులుగాను ఉన్నచో బెల్టు పుల్లీని ఎక్కువ మేర చుట్టి పట్టును. క్రొత్త బెల్టు కొంత సాగును. కావున మొదటి దినము పని ముగిసిన పిమ్మట బిగువును, సూటిని మరల చూచుకొనవలెను.

బెల్టు చుట్టు కంచె లేనిచో కండువా కొంగైనను ప్రాణము తీయును. పిల్లలను దరిజేరనీయకుడు. బెల్టు మరల జారినచో ముందు దారమును తీయుడు, పిదపనే స్పానరును పట్టుడు.