మూగజీవి కన్ను

ఇంద్రియములలో కన్ను ప్రధానమైనదని పెద్దలు చెప్పుదురు. మన కంటిలో నలుసు పడినచో వెంటనే తల్లితో చెప్పుకొందుము. నోరులేని జంతువు ఎవరితో చెప్పుకొనగలదు? దాని బాధను పెంచువారే కనిపెట్టవలెను. ఈ సత్యమును నేను మా యింటి కుక్కవలన నేర్చుకొంటిని. నా పొరపాటునకు ఫలము ననుభవించినది మాత్రము ఆ కుక్కయే.

నెల్లూరు సీమ పడమటి భాగమున, వెలిగొండల చేరువ, కలువాయి యను గ్రామము కలదు. సర్కారు తుమ్మ కంపలు, పల్లేరుకాయలు, వేసవి గాలికి లేచు దుమ్ము ఆ ప్రాంతమువారికి క్రొత్తవి కావు. ఉద్యోగ విరమణానంతరము నేనచట నివసించుచున్న కాలమున మా యింట ముత్యాలు అను చిన్న తెల్లకుక్క యుండెను. అది పొమేరియను జాతిది, ఒడిలో ఇమిడిపోవునంతటిది. నా మనుమరాలికి అది ప్రాణము.

ఒకనాటి సాయంకాలము ముత్యాలు కంపలోనికి తొండను తరిమికొనిపోయి తిరిగివచ్చెను. దాని కుడికన్ను సగము మూసికొనియుండెను, నీరు కారుచుండెను. ముంగాలితో కన్నును మాటిమాటికి రుద్దుకొనుచుండెను. "తాతయ్యా! ముత్యాలు కన్ను తెరచుటలేదు. డాక్టరుగారి యొద్దకు తీసికొనిపోదము" అని మనుమరాలు నన్ను బతిమాలెను. "దుమ్ము పడియుండునమ్మా! తెల్లవారుసరికి అదియే తగ్గిపోవును" అని నేను తేలికగా అంటిని.

మఱునాడును తగ్గలేదు. పూర్వము నా కంటికి వాడగా మిగిలిన చుక్కలమందు బీరువాలో నుండెను. మనుష్యునకు పనిచేసిన మందు కుక్కకు పనిచేయదా యని తలచి, దానినే రెండు దినములు వేసితిని. నాలుగవనాటికి నల్లగ్రుడ్డుపై తెల్లని పొర కమ్మెను. ముత్యాలు వెలుతురు చూడలేక, మంచము క్రింద దూరి, అన్నము ముట్టక పడియుండెను.

అప్పుడు గాని నేను పశువైద్యశాలకు పోలేదు. వైద్యుడు దాని కంటిలో నారింజరంగు మందు ఒక చుక్క వేసి, కడిగి, నీలికాంతిలో చూపెను. నల్లగ్రుడ్డుపై ఒకచోట ఆకుపచ్చని మచ్చ మెఱసెను. "ఇది ముల్లు గీచిన పుండు. పుండున్నచోటనే ఈ రంగు నిలుచును. మీరు వేసిన మందులో స్టిరాయిడు ఉన్నది. అది ఎఱ్ఱదనమును తగ్గించును గాని పుండును మాననీయదు. ఒక్కొక్కప్పుడు మఱింత లోతు చేయును. మొదటినాడే వచ్చియుండినచో ఇంత కాకపోవును" అని ఆయన మెల్లగా చెప్పెను. మనుమరాలు నా వంక చూచెను, ఏమియు అనలేదు. ఆ చూపును నేను నేటికిని మఱవలేదు.

నెలదినముల చికిత్సతో కన్ను నిలిచెను గాని, దానిపై తెల్లని మచ్చ మిగిలిపోయెను. ఆ వైపునుండి ఎవరైన వచ్చినచో ముత్యాలు ఉలికిపడెడిది. ఆనాటినుండి నేను శ్రద్ధతో తెలిసికొన్న సంగతులను మీకు చెప్పెదను.

కుక్క కంటికి పైరెప్ప, క్రిందిరెప్ప గాక, లోపలి మూలను మూడవ రెప్ప యొకటి కలదు. అది కన్నును తుడుచుచు కాపాడును. కన్నీటిలో కొంత భాగము ఆ రెప్పయందలి గ్రంథినుండియే పుట్టును. కొన్ని చిన్నకుక్కలలో ఆ గ్రంథి జారి, కంటిమూల ఎఱ్ఱని రేగుపండువలె కనబడును. దానిని కోసివేసినచో కన్నీరు తగ్గి కన్ను ఎండిపోవచ్చును. కావున వైద్యులు దానిని మరల స్వస్థానమున నిలిపి కుట్టుదురు.

పగ్, షిట్జూ, పెకినీస్ వంటి చప్పిడిముక్కు కుక్కలకు కంటిగుంటలు లోతులేక, కన్నులు ఉబ్బెత్తుగా నుండును. అందుచే దుమ్ము, ముల్లు, పిల్లిగోరు వానికి సులభముగా తగులును. మెడపట్టీని గట్టిగా లాగినచో గ్రుడ్డే వెలికి వచ్చు ప్రమాదమును కలదు. అట్టి కుక్కలకు ఱొమ్ముపట్టీ మేలు. ఎన్నడైన గ్రుడ్డు వెలికి వచ్చినచో దానిని లోనికి నెట్టక, శుభ్రమైన తడిగుడ్డ కప్పి, తత్క్షణమే వైద్యునొద్దకు కొనిపోవలెను.

కన్నీరు తగ్గుటయు వ్యాధియే. అప్పుడు కన్ను మెఱపు తప్పి, జిగురువంటి పుసి కట్టును. 1903లో షిర్మరు అను జర్మను కంటివైద్యుడు మనుష్యులకై ప్రకటించిన పరీక్షనే నేడు కుక్కలకును చేయుదురు. సన్నని కాగితపు పట్టీని క్రిందిరెప్పలో ఒక నిమిషముంచి, ఎంత తడిసినదో కొలుతురు. 15 మిల్లీమీటర్లు తడిసినచో మంచిది. 10కి తగ్గినచో కన్ను ఎండుచున్నదని అనుమానింతురు.

ముసలికుక్కల కన్నులు లేతనీలముగా మసకబాఱుట వయోధర్మము. దానివలన చూపు అంతగా చెడదు. కంటిపాప తెల్లబడినచో అది శుక్లము కావచ్చును. దానిని శస్త్రచికిత్సతో తొలగింపవచ్చును. కన్ను ఎఱ్ఱబడి, ఉబ్బి, నొప్పి పెట్టుచున్నచో నీటికాసులు అను వ్యాధి కావచ్చును. అది కొలది దినములలోనే చూపును హరించును. కుక్కపిల్లకు రెండు కన్నులను చిక్కని పుసి, ముక్కు కారుట, జ్వరము, దగ్గు కలిసివచ్చినచో డిస్టెంపర్ అను అంటువ్యాధిని శంకింపవలెను. ఆఱు మొదలు ఎనిమిది వారముల వయసున టీకాలు ఆరంభించినచో ఈ వ్యాధినుండి రక్షణ కలుగును.

బాలబాలికలారా! ప్రతిదినమును వెలుతురున మీ కుక్క కన్నులు రెండును సమానముగా నున్నవో లేవో చూడుడు. మరగించి చల్లార్చిన నీటిలో దూదిని తడిపి, కంటిమూల పుసిని మెల్లగా తుడువుడు. ఒక్కొక్క కంటికి వేఱు దూది వాడుడు. కంటిపై పడు వెండ్రుకలను పెద్దలచే కత్తిరింపించుడు. జిల్లేడుపాలు గాని, సున్నము గాని కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునొద్దకు పొండు. గ్రుచ్చుకొన్న ముల్లును మీరు లాగకుడు. ఆముదము, చనుబాలు, ఆకుపసరు కంట పోయకుడు. పశువైద్యులు తిరుపతి మొదలగు చోట్ల గల కళాశాలలలో ఏండ్లకొలది చదివి నేర్చిన విద్య మన బీరువాలోని సీసాకు రాదు.

మఱియొక మాట. బాధలో నున్న కుక్క పెంచినవారినైన కఱచును. పెద్దల తోడు లేక దానిని పట్టుకొనవలదు. కఱచినచో గాయమును సబ్బుతోను నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోవలెను.

ముత్యాలు ఆపై మఱి ఆఱేండ్లు జీవించెను. తనకు చెఱుపు చేసిన నా చేతినే ప్రతి ఉదయమును వచ్చి నాకెడిది. దానికి నా తప్పు తెలియదు, నాకు తెలియును. పిల్లవాని మాటయని, మూగజీవి బాధయని త్రోసివేయక, సకాలమున ఆలకించుటయే దయ. ఆలస్యముగా వచ్చిన దయ కన్నీరు తుడువగలదు గాని, పోయిన చూపును తిరిగి తేలేదు.

ప్రశ్నలు

1. ముత్యాలు కంటికి కలిగిన బాధను మనుమరాలు ఏ గుర్తులవలన తెలిసికొనెను?
2. రచయిత చేసిన పొరపాట్లు ఏవి? వానివలన కలిగిన నష్టమేమి?
3. కుక్క కంటిలోని మూడవ రెప్ప ఉపయోగమును వివరింపుము.
4. మీ యింటి జంతువునకు కన్ను నొచ్చినచో మీరేమి చేయుదురు? ఏమి చేయరు?