ఏడాది దాటిన బిడ్డకు అన్నము పెట్టు విధము

కోనసీమలో తిండికి కొదువ లేదు. దొడ్డిలో కొబ్బరి, అరటి, మునగ కలవు. కాలువలో చేప కలదు. చాల ఇండ్లలో పాడిగేదె కలదు. అయినను ఏడాదిన్నర బిడ్డ గిన్నెను చూడగానే మొగము త్రిప్పుకొనుట, తల్లియు మామ్మయు గంటసేపు వెంటబడి బ్రతిమాలుట అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ అరుగు మీదనైనను చూడవచ్చును.

ఈ వయస్సున బిడ్డకు ఆకలి తగ్గుట సహజమని మొదట తెలిసికొనవలెను. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాదికి సుమారు 9 కిలోలగును. రెండవ ఏట పెరుగునది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. ఎదుగుదల మందగించినప్పుడు ఆకలియు మందగించును. తినునది కొద్దియే గనుక ఆ కొద్దిలోనే బలముండవలెను. పలుచని చారన్నముతో చిన్న పొట్ట నిండును గాని ఒంటికి పట్టదు. మెత్తగా ఉడికిన అన్నములో పెసరపప్పు, లేత మునగాకు, చెంచాడు నెయ్యి కలిపి గట్టిగా మెదిపి పెట్టవలెను. గ్రుడ్డు, ముల్లు తీసిన చేప ఈ వయస్సున నిక్షేపముగా పెట్టవచ్చును. పావు లీటరు గిన్నెతో పూటకు ముప్పాతిక గిన్నె నుండి గిన్నెడు వరకు, రోజుకు మూడు నాలుగు మార్లు చాలును. నడుమ ఒక అరటిపండు. తల్లిపాలు రెండేండ్లు నిండువరకు మాన్పించ పనిలేదు.

పాడి ఉన్న ఇంట ఒక పొరపాటు తరచు జరుగును. అన్నము తినలేదని గ్లాసెడు పాలు పట్టుదురు. పాలతో పొట్ట నిండిన బిడ్డ మరుపూట అన్నము వద్దనును. మరల పాలే పట్టుదురు. గేదె పాలు మంచివే గాని వానిలో ఇనుము మిక్కిలి స్వల్పము. పాల మీదనే పెరిగిన బిడ్డకు రక్తము తగ్గును. రక్తము తగ్గిన బిడ్డకు ఆకలి ఇంకను చచ్చును. రోజుకు అర లీటరు మించనీయకుడు. అదియు అన్నము తిన్న పిమ్మటనే. టీలో బిస్కత్తు ముంచి పెట్టుట మరింత చెడ్డది, అన్నములోని ఇనుమును టీ ఒంటికి పట్టనీయదు.

ఏమి పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో నిర్ణయించునది పెద్దలు. ఎంత తినవలెనో నిర్ణయించునది బిడ్డ. ముక్కు మూసి, చేతులు పట్టుకొని కుక్కిన బిడ్డకు అన్నమనగా భయము పుట్టును. పెద్దలతో పాటు బిడ్డను కూర్చుండబెట్టి, వేరే పళ్లెము పెట్టి, చేతితో కెలుకుకొననిండు. అరగంటలో ముగించి, కోపపడక పళ్లెము తీయుడు. క్రొత్త కూరను ఒకసారి ఉమ్మివేసెనని మానరాదు. పది, పదిహేను మార్లు రుచి చూపిన గాని కొందరు బిడ్డలు అలవాటు పడరు. చందమామను చూపి ముద్ద పెట్టుటలో తప్పు లేదు, అందులో బిడ్డతో మాటలాడుట ఉన్నది. సెల్‌ఫోను బొమ్మలు చూపి పెట్టుటలో ఆ మాటలు లేవు, బిడ్డకు తన కడుపు నిండినదియు తెలియదు.

ఇది మాటవరుసకు చెప్పినది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు నల్గొండ జిల్లాలోని 60 గ్రామములలో దీనిని పరీక్షించి, ఫలితములను 2013లో ప్రచురించిరి. ఏమి పెట్టవలెనో చెప్పుటతో పాటు, బిడ్డ ఆకలి సైగలను గుర్తించుట, బిడ్డతో ఆడుట కూడ కొన్ని గ్రామముల తల్లులకు నేర్పిరి. ఆ బిడ్డలు, మామూలు అంగన్వాడీ సేవలు మాత్రమే పొందిన గ్రామముల బిడ్డల కన్న మంచి ఆహారము తినిరి. మానసిక వికాసములోను మెరుగుగా కనబడిరి.

మన ప్రాంతమునకు ఒక హెచ్చరిక. కొబ్బరి ముక్క, వేరుసెనగ గింజ, పనసగింజ పసిబిడ్డ చేతికీయరాదు. గొంతులో అడ్డుపడి ప్రాణము తీయగలవు. కొబ్బరిని కోరి, మెత్తగా నూరి అన్నములో కలుపుడు.

బిడ్డ కొద్దిగా తినుచున్నను ఆడుచు, బరువు పెరుగుచున్నచో దిగులు వలదు. రెండు నెలలు వరుసగా బరువు పెరగకున్నను, కనురెప్పల లోపల తెల్లబడినను, మన్ను తినుచున్నను, పాదములు వాచినను ఆలస్యము చేయరాదు. అంగన్వాడీ కేంద్రములో బిడ్డ దండచేతి చుట్టుకొలత కొలిపించుడు. అది 11.5 సెంటీమీటర్ల లోపున్నచో ఆ రోజుననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోవలెను.